జిగురు మరక

వర్కింగ్టన్‌లో గాలికి పని ఎక్కువ.
సముద్రం మీంచి వచ్చి, గోల్‌పోస్టు వల ఊపి,
మా లాండ్రీ గది కిటికీ రెక్క కొట్టి పోతుంది.
ఆ గదిలో ఇరవై రెండేళ్ళుగా
చొక్కాలు ఉతుకుతాను, ఆరేస్తాను,
వీపుల మీద పేర్లు అంటిస్తాను.

ఆడ్‌షెడ్.
ఇంగ్లీషులో ఏడు అక్షరాలు.
మొదటిసారి వాటిని వేడి ఇస్త్రీ కింద పెట్టినప్పుడు
కుర్రాడికి పంతొమ్మిదేళ్ళు.
గడ్డం ఇంకా రాలేదు, మోకాళ్ళ మీద మాత్రం
అరవై ఏళ్ళ మనిషికున్నన్ని మచ్చలు.
"కొంచెం వంకరగా వచ్చింది, ఫరవాలేదా?" అన్నాను.
"నా పరుగూ అంతే" అన్నాడు.

ఆ జనవరిలో కప్పు మ్యాచికి
పెద్ద ఊరి జట్టు పెద్ద బస్సులో దిగింది.
ఎనభై ఎనిమిదో నిమిషం.
బురదలో బంతి ఆగిపోయింది,
వాళ్ళ డిఫెండరు ఆగిపోయాడు,
వీడొక్కడు ఆగలేదు.
ఆ రాత్రి చేపల కొట్టువాడు
ఎవరి దగ్గరా డబ్బులు తీసుకోలేదట.
మర్నాటి సాయంత్రానికి
నా డబ్బాలో 'ఎ'లూ 'డి'లూ అయిపోయాయి.

వేసవిలో అమ్మేశారు.
ఆ డబ్బుతో మైదానానికి కొత్త ఫ్లడ్‌లైట్లు,
నాకో కొత్త వాషింగ్ మెషీను.
దానికి 'ఎడమ కాలు' అని పేరు పెట్టాను.

తర్వాత టీవీలో వెతికేదాన్ని.
బెంచీ మీద, ఒళ్ళో దుప్పటి,
వీపు మీద ముప్పై నాలుగు.
ఒకసారి లేచి లైను పక్కన పరుగెత్తాడు,
జాకెట్టు జిప్పు కిందికి లాగాడు కూడా.
మళ్ళీ కూర్చోమన్నారు.
నోటిదాకా వచ్చిన ముద్ద అంటే ఏమిటో
ఆ జిప్పు తిరిగి పైకి పోయినప్పుడు తెలిసింది నాకు.

మోకాలు. ఆపరేషను.
అరువుకి ఒక ఊరు, అరువుకి ఇంకో ఊరు
(గొడుగునైనా అన్నిసార్లు అరువివ్వం).
మధ్యలో ఒకే ఒక్క మార్చి నెల,
ఆరు మ్యాచులు, ఏడు గోల్స్,
పేపర్లో ఫొటో, కింద వేసిన పేరు తప్పు.
ఆ తర్వాత రెండో మోకాలు.

ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అంటారు గానీ
ఈ ఊళ్ళో రేవూ ఉంది,
రైలు పట్టాలు పోసిన కార్ఖానా గోడా మిగిలుంది.
ఒకటి ఇంకొకటిగా మారేటప్పుడు
ఎంత చప్పుడవుతుందో, ఎంత తుప్పు రాలుతుందో
సామెత చెప్పదు.

ముప్పై ఒకటో ఏట తిరిగొచ్చాడు.
అదే తొమ్మిది. అవే ఏడు అక్షరాలు.
పదకొండు మ్యాచులు, ఒక్క గోల్ లేదు.
పన్నెండో దాంట్లో పెనాల్టీ
స్టాండు దాటి కార్ల మీద పడింది.
అప్పట్లో వాడి పేరు వేయించుకున్న పిల్లలే
ఇప్పుడు గడ్డాలతో నిలబడి
వాడి తల్లిని కూడా కలిపి తిట్టారు.
ఆ సాయంత్రం చొక్కా విసిరెయ్యలేదు,
మడిచి బుట్టలో పెట్టాడు.
మెడ దగ్గర ఉప్పు చారలు.
చెమటే అనుకున్నాను.
ఉతికేవాళ్ళు అంతకన్నా అడగరు.

చివరికి ఏప్రిల్లో వచ్చింది గోల్,
పిర్రకి తగిలి.
ఆడటం కాదది, అడ్డం పడటం.
రిఫరీ కూడా నవ్వాడు.
వాడు మాత్రం మూల జెండా దాకా ఉరికి,
అక్కడికెళ్ళాక ఏం చెయ్యాలో మర్చిపోయి
నిలబడ్డాడు.

మే నెలలో జాబితా అంటించారు.
వదిలేసిన వాళ్ళలో మూడో పేరు.
బూట్ల సంచీతో నా గదిలోకొచ్చి
"నేనే పీకుతా" అన్నాడు.
వేడి తగిలించి, గోరుతో,
చివరి 'డి' నుంచి వెనక్కి, వెనక్కి.
మూలన ఎడమ కాలు దడదడ తిరుగుతోంది.
మొదటి 'ఎ' సగానికి తెగింది.
ఆ ముక్క జేబులో వేసుకున్నాడు.
తలుపు దగ్గర ఆగి, మెషీను వైపు చూసి,
"బేరింగు పోయినట్టుంది, చూపించు" అన్నాడు.

ఆ చొక్కా ఇప్పుడో పదహారేళ్ళ పిల్లాడు
ప్రాక్టీసుకి తొడుక్కుంటాడు.
పొడిగా ఉంటే ఏమీ కనబడదు.
వాన పడితేనే.
ఈ ఊళ్ళో వాన పడని రోజు ఏదీ?