తిరిగొచ్చేటప్పుడు ఇద్దువులే

రోజుకి నూట నలభై సార్లు చచ్చిపోవడం నా ఉద్యోగం.
యానినా ఊళ్లో, సరస్సు వైపు కిటికీ ఉన్న మూడో అంతస్తులో
ఎనిమిది మందిమి, తొమ్మిది కుర్చీలు,
ఎవరూ కడగని ఒక కాఫీ గిన్నె.

మొదటి ఆటలోనే దేవుళ్లందర్నీ ఖర్చు పెట్టేశాం.
పిడుగుల దొర, సముద్రపు పెద్దాయన,
గుడ్లగూబని భుజాన మోసే ఆవిడ,
అందరూ ఎవరెవరి ఇళ్లల్లోనో ఓడిపోయి ఉన్నారు.
ఇంకేం మిగిలిందని స్తమాతిస్ అడిగితే
క్లియోనికీ నేల వైపు వేలు చూపించింది.
కిందిది.

అలా మొదలైంది ఎక్స్‌పాన్షన్ ప్యాక్.
కొత్త కత్తులు నలభై, కొత్త శాపాలు పదకొండు,
మూడు తలల కుక్క ఒకటి.
దాని మూడు ఆకళ్లూ విడివిడిగా రాయాల్సొచ్చింది.

పాతాళం కోసం పుస్తకాలు తిరగేశాం గానీ
నది కోసం అక్కర్లేకపోయింది.
కారులో గంటన్నర పోతే నిజంగానే పారుతుంటుంది అహెరోన్.
ఎముకలు కొరికే చలి,
సీసా పెంకు లాంటి పచ్చనీళ్లు.
ఎండాకాలం జర్మన్లు గాలిపడవలేసుకుని అందులో కేకలు పెడతారు.
చచ్చినవాళ్ల నది ఒడ్డున
వేయించిన నెత్తళ్లు పొట్లాలు కట్టి అమ్ముతారు.

అక్కడ దొరికాడు థ్రాసీవులోస్.
డెబ్బై ఒకటో ఏడు. అమ్మూడియా రేవులో పడవ తిప్పుతాడు,
తలకి ఎనిమిది యూరోలు.
క్లియోనికీ మైకు పెట్టి కాగితం చేతికిచ్చింది.
దాని మీద ఒకటే మాట: కాసు తియ్యి.
కోపంగా అనమంది, విసుగ్గా అనమంది,
వెయ్యేళ్లుగా అంటున్నట్టు అనమంది.
ఇరవై సార్లు అన్నాడు.
ఇరవై సార్లూ చేపల ధర అడిగినట్టే ఉంది.

నవంబరులో బగ్ పట్టుకున్నాను.
ఉన్న బంగారమంతా కత్తికి తగలేసి
చిల్లిగవ్వ లేకుండా రేవుకొచ్చినవాడికి
పడవ కదలదు. వెనక తలుపు మూసుకుపోయింది.
చంపడానికి రాక్షసుల్లేరు, అమ్ముకోవడానికి అంగడి లేదు,
చచ్చిపోదామంటే
అప్పటికే చచ్చాడు కదా.

మూడు గంటలు నిలబడ్డాను ఆ ఒడ్డున.
బూడిద రంగు రెల్లు ఊగుతోంది,
పన్నెండు సెకన్లకోసారి మొదటికొస్తూ.
కాసు తియ్యి, అంటాడు సరంగు.
కాసు తియ్యి.
ఆ నెల జీతం ఇంకా పడలేదు నాకు.
ముందు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

ఒడ్డున ఒక కాసు పడేద్దాం, అన్నాడు స్తమాతిస్.
నేల మీద దొరికేదానికి సుంకం అని పేరెందుకు, అంది క్లియోనికీ.
పాతకథలో డబ్బులేనివాడు వందేళ్లు అక్కడే తిరుగుతాడు,
మనమూ తిరగనిద్దాం, అంది కథ రాసే పొలిక్సేనీ.
పాతకథకి డబ్బు వాపసు అడిగేవాళ్లు లేరు, మనకున్నారు,
అన్నాడు స్తమాతిస్.
విడుదలకి నాలుగు రోజులు.

ఆ రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని
పనికిరాని టేపంతా విన్నాను.
ఇరవయ్యో కాసు తర్వాత మైకు ఆపడం మర్చిపోయారు.
నీళ్ల చప్పుడు. ఇంజను దగ్గు.
ఎవరో పిల్లాడు, ఏదో గొణుగుడు, జేబు తడుముకుంటున్నట్టు.
అప్పుడు థ్రాసీవులోస్, ఎవరూ రాసివ్వని గొంతుతో:
ఎక్కరా. తిరిగొచ్చేటప్పుడు ఇద్దువులే.

మూడు సెకన్లు. గాలి హోరు కాస్త ఉంది, తీసెయ్యలేదు.
కోడ్‌లో ఒకే ఒక్క వరుస చేర్చాం:
సంచీ ఖాళీ అయితే ఈ మాట వినిపించు, పడవ కదిలించు.

నూటికి ఇద్దరు వింటారేమో దాన్ని.
మిగతావాళ్ల దగ్గర ఎప్పుడూ డబ్బుంటుంది.

వసంతంలో ఆయనకి చెబుదామని నలుగురం వెళ్లాం.
ఫోన్‌లో చూపించాం. నల్లటి నీళ్లు, నల్లటి పడవ, తన గొంతు.
ఒక చెయ్యి తెడ్డు మీద పెట్టి మొత్తం విన్నాడు.
మరి తిరిగొచ్చాక ఇస్తున్నారా, అనడిగాడు.

ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం.
ఆ వరుస మేమెవరం రాయలేదు.

అనుకున్నా, అన్నాడు.
మా నలుగురి దగ్గరా ముందే తీసుకున్నాడు,
తలకి ఎనిమిది.