రెండు దిక్కుల ఒక్క తీరే

యాకాంబ్రం,
మళ్ళొకపాలి చెప్త, నవ్వకు.
మనసువడ్డదంటరు గదా,
నాకు నిజంగనే గట్లయింది.
మనసు వడ్డది.
పెయ్యి ఒడ్డుమీద్నే కూసున్నది,
చెప్పులు గూడ ఇడువకుంట.

ఎప్పుడు వడ్డదో తారీఖు ఎర్కలేదు.
మిర్పకాయ సీజన్,
ఎనుమాముల యార్డుల కాంటా దిగి
నీ ఎక్సెల్ బండి కొత్తవాడ మలుపు తిరిగేది.
బండికన్న ముందుగాల నీ తుమ్ములు అచ్చేటియి.
మూడు. ఎప్పుడైనా మూడే.
ఒకనాడు రెండు తుమ్మి ఆగినవ్.
మూడోదాని కోసం
నాడె పట్టుకున్న చెయ్యిని గాలిలనే ఆపిన.
గంతే. గదే.

పందొమ్మిదేండ్ల సంది మగ్గం మీద కూసుంటున్న,
లెక్క తప్పింది గా పొద్దే.
నాలుగు నీలం పోగులు కొట్టేకాడ ఐదు కొట్టిన.
ఇప్పుదామనుకున్న.
ఇప్పలే.

నా సంగతి వాడకంత ఎర్కే.
చిన్నప్పుడు దోస్తులు సినిమాల హీరోను చూసి గుసగుసలువోతే
నేను వాని అంగీ ఏ నేత అని చూసేదాన్ని.
జమ్మికుంటల పదకొండు నెలలు కాపురం జేసిన.
ఆయన చెడ్డోడు కాదు, అట్ల చెప్పుకోవద్దు.
రాత్రయితే మాత్రం
పరీక్షల తెల్లకాయిదం ముంగట కూసున్న పిల్లలెక్క ఉండేది నాకు.
ప్రశ్న చదువస్తది.
అది నన్నెందుకడుగుతున్నరో తెల్వది.
హన్మకొండ డాక్టరమ్మ రక్తం తీసి గోళీలు రాసింది.
మా మేనత్త దర్గాల తాయెత్తు కట్టిచ్చింది.
పెద్దమనుషులు చాయ తాక్కుంట
"ఎవన్నన్న మనసుల వెట్టుకున్నవా బిడ్డా" అన్నరు.
ఎవ్వల్లేరంటే నమ్మలే.
ఇప్పుడు ఉన్నడంటే గూడ నమ్ముతలేరు.

జంపఖాన కొననీకి అచ్చినోళ్ళు ఒక పని జేస్తరు సూడు,
కొస లేపి తిరగేస్తరు.
కింద దారాలు ఏలాడుతున్నయా, ముడులున్నయా అని.
ఇది రెండు దిక్కుల ఒక్క తీరేనమ్మా,
ఎటు పరిచినా గదే వరుస, అని చెప్తం.
అయినా ఇంకోపాలి తిరగేస్తరు.
నా ప్రేమను గూడ గట్లే తిరగేసిండ్రు.
కింద ఇంకేందో ఉండాలె,
లేకుంటే పైనున్నది ఉత్తదేనాయె, అని.

ఉత్తది కాదు యాకాంబ్రం.
నీ ఎడమ మడిమె పగులు నాకెర్క.
చాయల బిస్కెట్ ఇరిగి పడితే చిన్నబోతవు, గదీ ఎర్క.
కాజీపేటల మీ అక్కను రైలెక్కిచ్చి
ఖాళీ ప్లాట్‌ఫారం మీద నువ్వు ఇంకింతసేపు నిలవడ్డనాడు
దూరంకెళ్ళి సూసిన.
నా గొంతుల దారం ముడివడ్డది.
నీ చెయ్యి పట్టుకోవాలనిపిచ్చింది,
పట్టుకొని ఆడనే ఆగిపోవాలనిపిచ్చింది.
నీ పక్కన ముసలిదాన్ని కావాలని ఆశ.
ఆశలు నాకు గూడ పుడ్తయి.
వేరే జాగల పుడ్తయి.

గిదంత చెప్తే నువ్వు గోడకు ఒరిగినవ్.
చానసేపు.
"నాకైతే ఆ ఆశ ఉంటది, అబద్ధమెందుకు" అన్నవ్.
"ఎర్కే" అన్న.
ఇంకేమనాలె?
ఎనిమిది దినాలు బండి చప్పుడు లేదు.
సీజన్ ఒడిసింది, ఘాటు లేదు,
కండ్లు మాత్రం మండినయ్.

తొమ్మిదోనాడు హసన్‌పర్తిల
మా సొసైటీ బుచ్చిరాములు బిడ్డ పెండ్లి.
టెంటు హౌజోడు జంపఖానాలు పరిచిండు.
మూడో వరుసల, గోడ పక్కపొంటి,
ఐదు నీలం పోగులు.
వాటిమీద పోరగాండ్లు లడ్డు పలుకులు ఒలకవోసిండ్రు.
ఆన్నే కూసున్న.
ఎనుకకెళ్ళి రెండు తుమ్ములు ఇనవడ్డయ్.
ఊపిరి పట్టుకున్న.
మూడోది.
తిరిగి సూడకుంటనే ఏలు వెట్టి చూపిచ్చిన:
ఈడ తప్పు చేసిన, నీ వల్లనే.

నువ్వు వంగి లెక్కవెట్టినవ్.
చెప్పులు ఇడిసినవ్.
"జరుగు" అన్నవ్.
జరిగిన.