గంటకోసారి

బ్యాలరాట్‌లో జూన్ నెల. అద్దాల మీద ఆవిరి.
హాల్లో, బూట్ల అర పక్కన, మా రౌటర్
గంట కొట్టగానే లేచి
తన బరువు తానే తూచుకుంటుంది.
నేనే నేర్పాను.
నాలుగు వరసల ఆజ్ఞ రాసి,
నేను బస్సు డిపోలో గ్రీజులో మునిగున్నా సరే,
ఇరవై సెకన్లు గొట్టం బార్లా తెరిచి
ఎంత వస్తోంది, ఎంత పోతోంది
రాసిపెట్టమని.

కంపెనీ యాభై అంది.
వచ్చేది ముప్పై ఒకటి. వాన పడితే పంతొమ్మిది.
ఒక ఆదివారం రాత్రి ఆరు పాయింట్ రెండు.
ఫోన్ చేస్తే ఆ అమ్మాయి
"ఓసారి ఆపేసి, మళ్లీ పెట్టి చూడండి" అంటుంది,
జలుబుకు ఆవిరి పట్టమన్నట్టు.

అందుకే లెక్కలు.
మా నాన్న తూనికల శాఖ ఇన్‌స్పెక్టరు.
కొట్టువాడు తక్కెడ పళ్లెం కింద అంటించిన
చింతపండు ముద్దను
గోటితో గీకి, వాడికే చూపించేవాడు.
ఆ గోరు నాకొచ్చింది.

హైమ పని వెనక గదిలో.
చెవులకు హెడ్‌ఫోను, ఒళ్లో దుప్పటి,
డాక్టరుకీ రోగికీ నడుమ ఒక గొంతు.
అటు మాట ఇటు, ఇటు మాట అటు,
తనదంటూ ఒక్క ముక్కా కలపకుండా.
సాయంత్రం బయటికొచ్చి గ్లాసుడు మజ్జిగ తాగి
"లైను మళ్లీ తెగింది" అనేది.
"చూశావా, దొంగ వెధవలు" అనేవాణ్ణి,
దాదాపు సంతోషంగా.

ఆ మంగళవారం మధ్యాహ్నం
షెపర్టన్ నుంచి ఒక పెద్దావిడ. పేరు హైమ చెప్పలేదు, చెప్పకూడదు.
స్కాను ఫలితం.
డాక్టరు నిదానంగా చెప్పాడు.
హైమ ఇంకా నిదానంగా మొదలెట్టింది:
"అమ్మా, మీ రొమ్ములో ఉన్న గడ్డ
క్యాన్సర్"

బొమ్మ బిగుసుకుపోయింది.

ఇంగ్లిషువాడు ముందే చెప్పేస్తాడు, కాదని.
మనకది చివర్న వస్తుంది,
బంతిలో పెరుగులాగా.
జనం లేవకముందు వస్తేనే లెక్క.
పదకొండు సెకన్లు పట్టింది "కాదు"
షెపర్టన్ చేరడానికి.
బొమ్మ కదిలేసరికి ఆవిడ
కొంగు నోట్లో కుక్కుకుని ఉంది.
డాక్టరు, ఏమీ అర్థంకాక,
ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు.

ఆ రాత్రి తన నోటుబుక్కు తెచ్చి నా ముందు పడేసింది.
"మీ కంపెనీకి ఇదీ పంపండి."
లైను తెగిన వేళలు, పెన్సిలుతో:
తొమ్మిది. పదకొండు. పన్నెండు. రెండు.
ఎక్కడా పావు లేదు, ముప్పావు లేదు.
నిలువునా సున్నాలు.

నా పట్టిక దాని పక్కన పెట్టాను.
కాసేపు నా చేతుల గ్రీజు వాసన తప్ప
ఏమీ తెలియలేదు.
చింతపండు ముద్ద
నా పళ్లెం కిందే ఉంది.

చెప్పాను.
తిడుతుందనుకున్నా. నవ్వినా నవ్వుతుందనుకున్నా.
"ఆవిడ పదకొండు సెకన్లు
ఎవరి ఖాతాలో రాస్తారు?" అని
గ్లాసు కడిగి బోర్లించింది.

ఇప్పుడు పరీక్ష రోజుకొక్కటే,
తెల్లవారుజాము మూడూ పదిహేడుకి.
మొన్న కంపెనీ ఉత్తరం వచ్చింది:
మీ ఆధారాలు పరిశీలించాం, విచారిస్తున్నాం,
పన్నెండు డాలర్ల నలభై సెంట్లు జమ చేశాం.
వాన పడితే ఇంకా పంతొమ్మిదే లెండి.
వాళ్ల దొంగతనం వాళ్లకుంది.

నాకు సెలవైన రోజున మాత్రం
గంట కాబోతుంటే చేతిలో పని ఆగిపోతుంది.
తలుపవతల హైమ ఎవరికో ఏదో చెబుతూంటుంది.
మాటలు వినను.
వాక్యం చివరికొచ్చి
గొంతు కిందికి దిగేదాకా
బూట్ల అర పక్కన
నిలబడి ఉంటాను.