పండుడు

"నిద్ర పడుతుందా?" అని అడిగిండు
కొండమల్లేపల్లి దవాఖానకు కొత్తగొచ్చిన డాక్టరు.
"పంట సారూ" అన్నది అండాలు.
"ఎన్నెకరాలు?" అన్నడాయన, చీటీ మీంచి తల ఎత్తకుండనే.
మందుల కిటికీ ఎనుక నేను నవ్వాపుకున్న.
ఆమె నవ్వలే.
"ఎకరంనర" అన్నది.

ఆ రాత్రి డ్యూటీల నిఘంటువు తిరగేసిన.
నిద్ర:
ని అంటే కిందికి,
ద్రా అంటే నిద్రించుట.
ఊరంత తిరిగి మళ్ల అదే గడప.
పండు కాడ మాత్రం రెండు అంకెలేసి
ఒకటి, కాయ తియ్యగయ్యేది
రెండు, మనిషి నడుము వాల్చేది అని రాసి
ఈ రెంటికి చుట్టరికం ఉన్నదో లేదో చెప్పకుండ
పేజీ దాటిపోయిండు ఆ పెద్దమనిషి.

మారయ్యకు తెలిసే ఉంటది.
పన్నెండు దాటినంక వచ్చే కరెంటు కోసం
బోరుకాడ గోనెసంచి పరిచి కూసునేటోడు.
"చేను పండాలంటే మనం పండొద్దు" అనేటోడు
అన్నం గిన్నె తెచ్చిన అండాలుతోని.
పోయిన యాసంగిల
తడి చేతుల్తోని స్టార్టరు డబ్బా మూత తీసి
గట్టుకడ్డం పన్నడు.
తెల్లారి చూసినోళ్లు ముందుగాల అనుకున్నరట
"అలిసిపోయి పన్నడు, లేపకుండ్రి."

దినాలైనంక అక్క వచ్చి
పెద్దవూరకు తోల్కపోయింది, నిద్ర చేసి రావాలెనని.
నిద్ర వస్తది, పోతది, కాస్తే కాపలైతది.
చేసుడేందో అండాలుకు ఆ రాత్రే తెలిసింది.
కూలి చేసినట్టు, ఎట్టి చేసినట్టు
కండ్లు తెరుచుకొని తెల్లారిందాంక చేసింది.
పన్నెండున్నరకు చెయ్యి దానంతటదే
దిండు కింద బ్యాటరీ లైటు కోసం దేవులాడిందట.
అక్క పట్టుకున్నది ఆ చెయ్యిని. ఏం మాట్లాడలే.

సోమవారం మళ్లొచ్చింది గోలీలకు.
చదువురానోళ్లకు పొట్లం మీద బొమ్మలు గీస్తం మేము
పొద్దటికైతే సూర్యుడు, రాత్రికైతే చందమామ.
చందమామ గీసి చేతికిచ్చిన.
ఎనుక లైన్ల దగ్గులు, ఎవరో పిల్లగాని ఏడుపు.
కిటికీ చువ్వ పట్టుకొని కదలలే ఆమె.

"ఏ రాత్రికి సారూ?
ఈ వారం మాది రాత్రి కరెంటు.
వరి పొట్టమీదున్నది."