ఏ దగ్గు ఎవరిది

మా గుంటూరులో దగ్గును ఎవరూ లెక్కచెయ్యరు.
యార్డు గేటు దాటితే చాలు,
ఢిల్లీ నుంచొచ్చిన సేటు కూడా
మూడు తుమ్ములు సుంకం కట్టిగానీ ధర చెప్పడు.
మేం నవ్వుతాం.
నవ్వుతూ మేమూ దగ్గుతాం.

కోల్డ్ స్టోరేజీ వెనక షెడ్డులో
తొడిమలు తీసేవాళ్లం పద్దెనిమిది మందిమి.
షట్టరు ఎప్పుడూ సగానికి దించే ఉంటుంది.
గాలొస్తే గింజ ఎగురుద్దంటాడు మేస్త్రి సాంబయ్య.
ఎగిరిన గింజ ఆయన తూకంలోంచి పోద్ది మరి.
మా ఊపిరి ఎవరి తూకంలోనూ లేదు.

నా ఎడమ పక్క మస్తాన్‌బీ,
మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర.
శివరాత్రికి ముందు మొదలైంది ఆమె దగ్గు.
తేజ రకం కదా, ఘాటు, అన్నాం.
తరవాత బాడిగ రాశి దిగింది.
రంగే గానీ కారం లేని కాయ.
దగ్గు మాత్రం దిగలేదు.
అప్పుడైనా తెలియాల్సింది.
గుట్టలో తాలుకాయ ఉంటే
మాట్లాడుకుంటూనే ఏరి పారేసే వేళ్లు మావి,
ఇన్ని దగ్గుల్లో ఆ ఒక్క దగ్గును ఏరలేకపోయాం.
ఎర్రకాయల్లో ఎర్రకాయలా కూర్చుంది అది.

ఏరింది ఆశా దీవెనమ్మ.
కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని షెడ్డులోకొచ్చి
కాసేపు ఊరికే నిలబడి వింది,
మా అందరి దగ్గులూ, పాట విన్నట్టు.
"నీదెన్నాళ్ల నుంచే?" అంది మస్తాన్‌బీని.
"రెండు వారాలు దాటిందంటే
మిరపకాయ మీద నింద వెయ్యకూడదు."
సంచిలోంచి మూతున్న డబ్బీ తీసి చేతిలో పెట్టింది.
పొద్దున్నే లేవగానే, లోపల్నుంచి, ఎంగిలి కాదు, గళ్ల.

మూడోరోజుకి మాట తెలిసింది.
నాలుగోరోజుకి మస్తాన్‌బీ టీ గ్లాసు
మేకుకి విడిగా వేలాడింది.
ఎవరు పెట్టారో అడగొద్దు.
నేనే.

దీవెనమ్మ ఆ గ్లాసు వంక చూసి, నా వంక చూసి,
"గ్లాసులో ఏం లేదే పిచ్చిదానా,
గాల్లో ఉంది," అంది.
గ్లాసును వెలివేశాం,
షట్టరును మాత్రం అలాగే ఉంచుకున్నాం.

ఆ మధ్యాహ్నం నేనే లేచాను.
ఇనప కొక్కెం తుప్పుపట్టి కదల్లేదు.
రాహేలమ్మ వచ్చి భుజం ఆనించింది.
కిర్రుమని మొత్తం పైకి పోయింది.
వెలుతురు పడితే తెలిసింది,
ఎంత ధూళిలో కూర్చున్నామో.
సాంబయ్య అరిచాడు. గింజలు ఎగిరాయి.
ఎగరనీ అన్నాను.
కూలి కోస్తానన్నాడు. కోశాడు కూడా, ఇరవై రూపాయలు.
షట్టరు మళ్లీ దించలేదు.

మేమూ డబ్బీలు పట్టుకుని వరసలో నిలబడ్డాం.
నాది ఏమీ లేదన్నారు.
రాహేలమ్మ కోడలికి ఉంది.
ఆ పిల్ల అసలు దగ్గనే లేదు సరిగ్గా, చిక్కిపోయిందంతే.
మస్తాన్‌బీ ఇంట్లో చంటాడికి కూడా
ముందు జాగ్రత్త మందు రాశారు.
వాడు ఉమ్మేస్తుంటే
వాళ్ల నాయనమ్మ తేనెలో రంగరించి పోసిందట.

మాత్ర మొదలెట్టిన మర్నాడు
మస్తాన్‌బీ ఫోను చేసి ఏడుపో నవ్వో తెలియని గొంతుతో,
"ఒంటేలు కూడా కారం రంగే వస్తందే,
యార్డు నా ఒంట్లోకొచ్చేసింది!"
మందు రంగేలే, భయపడకు,
దీవెనమ్మ ముందే చెప్పింది కదా అన్నాను.
ఆర్నెల్లు, ఒక్కరోజు మానకూడదు.
తగ్గిందనిపించిన రోజు అసలు మానకూడదు.

తిరిగొచ్చింది ఎండలు ముదిరాక.
కూర్చున్న కాసేపటికే దగ్గింది.
పద్దెనిమిది జతల చేతులు ఆగిపోయాయి.
మోచేతి మడతలోంచి ముఖం ఎత్తి
అందర్నీ ఒకసారి చూసి,
"ఇది తేజది," అంది.

నవ్వాం. మళ్లీ తొడిమలు.
అయినా సాయంత్రం, బండమీద చేతులు రుద్దుకుంటుంటే
నాకే గొంతులో గరగర.
మంటెత్తే వేళ్ల మీద
లెక్క మొదలుపెట్టాను.
ఇవాళ ఒకటి.