ఎత్తు సాలలే

కల్వకుర్తిల గౌసు మామ వైండింగు దుకాణం ముంగట
కాలిన మోటర్లు వరుసగ పండుకొని ఉంటయ్.
ఎండాకాలమైతే రోడ్డు దాంక వస్తయ్.
ఒక్కోదాన్ని ఇప్పితె
నల్లబడ్డ రాగి, మాడిన వార్నిష్ వాసన,
ఎనిమిది వందల ఫీట్ల లోతుల
ఉత్తగ తిరిగి తిరిగి సచ్చిన అలసట.

ఆ తీగె అడిగిన.
"కిలో లెక్కన అమ్ముతం బిడ్డా, నీకెందుకు?"
అసలు సంగతి చెప్తె నవ్వుతడని
"బట్టలారేయనీకి" అన్న.
జోకి ఇచ్చిండు. ఒక్క రూపాయి తగ్గియ్యలే.

కాలేజీ ఫిజిక్సు ల్యాబుల అటెండర్ని నేను.
పరీక్ష రాసిన, పాసైన.
లైసెన్సు కాగితం వచ్చేదాంక ఏడు నెలలు
వినుడే తప్ప మాట్లాడుడు లేదు.
మా అత్త అన్నది:
"మాట్లాడనీకి గూడ సర్కారు కాగితం గావాల్నా,
నేనైతె ఎన్నడు అడగలే."

ఇటు ముప్పై మూడు ఫీట్లు, అటు ముప్పై మూడు.
టైలరు మొయినమ్మ చెప్పిందే ఇక్కడా పనికొచ్చింది:
ముందు పొడుగ్గనే ఉంచు,
కోసినంక అతికితె కుట్టు కనవడ్తది.
కొసలకు డ్రిప్పు పైపు ముక్కలు,
దించనీకి కేబుల్ టీవీ వాళ్లు పీకి పారేసిన వైరు,
అతుకు దగ్గర వాన పడకుంట
కాళ్ల నొప్పుల మందు సీసా మూత.
బ్లేడుతో గీకుతుంటే
మసి కింద నుంచి రాగి
కొత్తగ కోసిన క్యారెట్టు రంగుల తేలింది.

బెత్తెడు కోసుడు, మిద్దె ఎక్కుడు,
మీటరు ముల్లు చూసుడు, దిగుడు.
మళ్ల రెండు వేళ్లంత.
నాలుగో రోజు ముల్లు ఎంతకూ దిగదు,
లెక్కలన్ని మళ్ల చేసిన.
పైకి పోయి చూస్తె
దాని మీద అత్త చీర ఆరేసి ఉన్నది.

పుస్తకం అరవై ఫీట్ల ఎత్తు అంటది.
నాకున్నదల్లా క్వార్టరు మిద్దె,
దాని మీద ఒక వెదురుబొంగు.
ఎత్తు సాలలే.
తక్కువ ఎత్తుల కట్టిన తీగె
మాటను దూరం ఇసరలేదట,
నిట్టనిలువుగ మీదికే పంపుతదట,
అది ఆకాశానికి తాకి
మళ్ల మన జిల్లాల మీదనే పడ్తదట.
రష్యా రాదు, జపాన్ రాదు.
ఆ రాత్రి జర సేపు బొంగు దిక్కు సూడలే.

కాగితం వచ్చిన నాడు కూడ
చెవుల గుర్రుమనుడే.
బోర్ల స్టార్టర్లు, చార్జర్లు, పక్కింటి బల్బు,
ఊరంత కలిసి నా చెవుల పిండి విసిరినట్టు.
పిలిచిన. మళ్ల పిలిచిన.
నా గుర్తు అక్షరాలు నాకే అలవాటు లేక
రెండుసార్లు తప్పు పలికిన.

తొమ్మిదింబావుకు గాలిదుమారం లేచింది,
కరెంటు పోయింది.
గల్లీ గల్లీ నుంచి తిట్లు మొదలైనయ్.
నా దగ్గర ట్రాక్టరు బ్యాటరీ ఉన్నది.
చెవుల పిండి విసురుడు
ఎవరో చెయ్యి పట్టుకొని ఆపినట్టు ఆగింది.
ఇంత నిమ్మళం ఉంటదని తెల్వదు నాకు.
దాని అడుగున, సన్నగ, ముసలి గొంతు,
నా అక్షరాలు, ఒక్కొక్కటే, తప్పు లేకుంట.

"మక్తల్ నుంచి విఠోబా, పోస్టుమాస్టరు చేసి దిగిపోయిన.
మంచిగ ఇనవడ్తున్నవమ్మా. పేరు?"

చేతులు చెమట పట్టినయ్.
"మణెమ్మ" అన్న, బడిల హాజరు పలికినట్టు.
మక్తల్‌కు బస్సుల పోతె సగం రోజు.
మా అక్కను అక్కడనే ఇచ్చినం,
ఫోన్ చేస్తె ఎత్తనే ఎత్తది.

"యాంటెనా ఏందమ్మా?"
"కాలిన మోటరు తీగె సార్."
అటు దిక్కు నవ్వు, దగ్గు.
"నాది గూడ అదే.
మా దగ్గర మొగులు పట్టింది. మీ దిక్కు వాన—"

కరెంటు వచ్చింది.
ఊరంత ఓ అని అరిచింది.
పిండి విసురుడు మళ్ల మొదలైంది, దాని కింద ఆయన
ఇంకా మాట్లాడుతనే ఉండొచ్చు.

నోటు పుస్తకంల టైం రాసిన, పేరు రాసిన, ఊరు రాసిన.
మాట రాసేకాడ
మీ దిక్కు వాన, అని రాసి
పెన్ను పట్టుకొని
మిద్దె మీదికి పోయిన, సూసి చెప్దామని.