అడ్డపొగ

డాక్టరమ్మ టార్చి వేసి
మా పేరంటాలు మామ్మ నోట్లోకి చూసింది.
ఎన్నాళ్ళబట్టి అని అడిగింది.
మామ్మ వేళ్ళు లెక్కెట్టలేదు.
"మా పెద్దోడు కడుపులో పడ్డప్పుడండి,
వేవిళ్ళు తగ్గుతాయని మా అత్త ముట్టించి ఇచ్చింది."
పెద్దోడికిప్పుడు మోకాళ్ళ నొప్పులు.

నిప్పున్న కొస నోట్లో,
చల్లటి కొస బయట.
ఏటిగాలికి ఆరదు.
ఊడుపుల్లో వంగినప్పుడు బూడిద రాలదు.
పాలు తాగే బిడ్డ మీద రవ్వ పడదు.
చీకట్లో మెరిసే చుట్టని చూసి
ఫలానా వాళ్ళ కోడలని ఎవరూ పోల్చుకోరు.
నిప్పుని నోట్లో దాచుకోడానికి
ఇన్ని కారణాలున్నాయి మామ్మ దగ్గర.
అన్నీ ఎదుటివాళ్ళ మేలు కోరినవే.

అంగిట్లో తెల్లమచ్చ, దాని మీద ఎర్రటి చుక్కలు.
వరద తీశాక మా లంకలో మేటవేసిన ఇసుక
గుర్తొచ్చింది నాకు.
చిన్న ముక్క తీసి సీసాలో వేసి
పేరు రాయడానికి పెన్ను అడిగింది డాక్టరమ్మ.
ఇస్తుంటే నా చేతివేళ్ళు చూసింది.
"నువ్వూ తాగుతావా?"
లేదండి.
ఒట్టు. ఒక్క దమ్ము కూడా.

అంతవరకే చెప్పాను.

పదకొండో ఏట, తోకలంకలో
తెల్లారుజామున మంచు కారే ఆకుని
చంకల కింద ఇరికించుకుని
గట్టు మీదికి మోసేవాళ్ళం, నేనూ మేరీరత్నం.
గౌను తడిసి ఒంటికి అంటుకునేది.
పొద్దెక్కేసరికి గట్టు తిరిగేది,
ఏరు తిరిగేది,
మేస్త్రీకి రెండు మొహాలు వచ్చేవి.
తిన్న చద్దన్నమే కాదు
తిననిది కూడా కక్కేవాళ్ళం.
"ఆకు పట్టింది, అంతే. మజ్జిగ తాగి రండి"
అనేవాడు, అదేదో గాలి సోకినట్టు,
రెండ్రోజుల్లో దిగిపోతుందన్నట్టు.

ఇసుకా చింతపండూ వేసి రుద్దినా
జిగురు వదిలేది కాదు.
ఏ వేలు నోట్లో పెట్టినా అన్నం చేదు.
మాఘం నుంచి ఉగాది దాకా
బళ్ళో హాజరుపట్టీ నిండా నా పేరు పక్కన సున్నాలు.

ఆకు అయిపోయిన నెలల్లో తలనొప్పి.
ఎవరి మీదో కోపం, ఎవరి మీదో తెలిసేది కాదు.
మళ్ళీ ఏడు మొదటి పచ్చాకు వాసనకి
ప్రాణం లేచొచ్చేది.
"మనం కాల్చని చుట్టలమే" అని
పడీపడీ నవ్వేది మేరీరత్నం.

దాని కానుపులు రెండు నిలవలేదు.
మూడోది నిలిచింది,
పిల్లని తూచిన నర్సు మళ్ళీ తూచింది.
ఆకు వల్లనే అని ఎవరూ రాయలేదు.
కాదని కూడా ఎవరూ రాయలేదు.

తిరిగొచ్చేటప్పుడు పంటు మీద
మామ్మ రొంటిలోంచి చుట్ట తీసింది.
వద్దని అనబోయాను.
అంగిట్లో కోత ఇంకా పచ్చిగా ఉంది,
ఒకసారి తిప్పి చూసుకుని
తిన్నగా పెట్టుకుంది, మగాళ్ళలాగ.
యాభై ఏళ్ళ తర్వాత
మా మామ్మ నిప్పు బయటికి కనపడింది.
మోటారుసైకిళ్ళ మీద కూర్చున్నవాళ్ళు,
కొబ్బరి బస్తాల మీద కూర్చున్నవాళ్ళు
అందరూ చూశారు.
గాలికి బూడిద నా ఒళ్ళో రాలింది.
దులుపుకున్నాను.

నా మొహం మాత్రం
ఆ పొగ వైపు తిరిగే ఉంది,
నేను తిప్పకుండానే.